దసరా తర్వాత తగ్గిన సప్పుడు

మా ఇల్లు జనగామలో మా కిరాణా మడిగె మీదనే ఉంటుంది. కింద బస్తాలు, మీద మేము. అందుకని మా ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా వేళ్లకు ఎంతో కొంత పసుపో కారమో అంటుతుంది. పరుపు దులిపితే తుమ్ములు, చొక్కా విప్పితే ధనియాల వాసన. పుట్టినప్పటి నుంచి ఇదే కాబట్టి పసుపు మరక నా కంటికి మరకలాగా ఆనదు. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత జరిగిన దాంట్లో కళ్లు ఎక్కడ పెట్టుకున్నావని నన్నెవరూ అడగకూడదు.

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. గల్లా దగ్గర కూర్చుంటే కాలు ఊగుతుంది. "కాలు ఊపకురా, గిరాకి వాపస్ పోతది" అంటాడు మా నాయిన. కాలు ఆపితే వేళ్లు బల్ల మీద దరువేస్తాయి. చేతిలో గిటార్ ఉన్నప్పుడు మాత్రమే నా ఒళ్లంతా ఒక్కచోట ఉంటుంది. వరంగల్‌లో డిగ్రీ చదివేటప్పుడు అంటుకున్న పిచ్చి అది. డిగ్రీలో చదివింది మర్చిపోయాను గానీ ఆ పిచ్చి వదల్లేదు. పొద్దున దుకాణం, సాయంత్రం గిటార్, చాలా ఏళ్లు అట్లా గడిచాయి.

తర్వాత అక్క బృందంలో చేరాను. అక్క అంటే నా తోబుట్టువు కాదు, మహబూబాబాద్ పక్క తండాలో పుట్టిన గాయని. మహబూబాబాద్‌ను మావైపు మానుకోట అంటారు. పెళ్లిళ్లలో, కాలనీ పండుగల్లో పాడుతుంది. తెలుగు, హిందీ పాటలు అందరూ పాడేవే తనూ పాడుతుంది. చివర్లో మాత్రం తన ఇంటి భాషలో ఒక లంబాడి పాట అందుకుంటుంది. భోజనాలు అయిపోయినా జనం కుర్చీల్లోంచి లేవకుండా ఉండేది ఆ పాట కోసమే. అది నా గిటార్‌తో మొదలవుతుంది. ముందు మెల్లగా, ఒక్కొక్క తీగ. కొంతసేపటికి లేస్తుంది. లేచిన చోట అక్క గొంతు కలుస్తుంది. గిటార్ వినపడకపోతే ఆమెకు శ్రుతి అందదు. ఆ బృందంలో నాకు చోటు ఉన్నది ఆ కొద్దిసేపటి కోసమే.

నా యాంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, వాల్వులది. ట్యూబ్ యాంప్ అని కూడా అంటారు గానీ మా బజార్లో ట్యూబ్ అంటే గోడకు వేసే లైటే, అందుకే నేను వాల్వులంటాను. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవే, అవే. సికింద్రాబాద్‌లో ఆర్కెస్ట్రా మానేసిన ఒక పెద్దాయన దగ్గర దాన్ని కొన్నాను. మెట్లెక్కించాలంటే నడుము పట్టేస్తుంది. స్విచ్ వేసిన వెంటనే పలకదు, వేడెక్కాలి. వేడెక్కాక మాత్రం దాని గొంతులో ఒక గరుకు, ఆ గరుకు కింద ఒక తీపి ఉంటాయి. తేలికైన కొత్త యాంపులు చాలా ఉన్నాయని అక్క ఎన్నోసార్లు చెప్పింది. నేను వినలేదు. మొండితనంలో మా నాయిన కొడుకునే.

నాయినకు అదంతా సప్పుడు. పాట అన్న మాటగానీ గిటార్ అన్న మాటగానీ ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. "ఆ సప్పుడు బంద్ జేసి కిందికి రా, లోడు వచ్చింది" అని మెట్ల దగ్గరి నుంచి కేకేస్తాడు. పోయిన ఎండాకాలంలో ఒకరోజు మిర్చి తూకం వేస్తూ, నా ముఖం చూడకుండానే, "గా స్టేజి మీది ఆమె పిలిచినన్ని దినాలు పో. ఆమె వద్దన్న దినం వచ్చి కాంట దగ్గర కూసోవాలె. మల్ల సప్పుడు గిప్పుడు అనొద్దు" అన్నాడు. సరే అన్నాను. ఆమె వద్దనే రోజు వస్తుందని నాకు తోచలేదు. తోచి ఉంటే అంత తేలిగ్గా ఒప్పుకునేవాణ్ని కాదు.

మా మడిగెలో దసరా పూజ పెద్దది. పొద్దున్నే అన్నీ కడిగి తుడిచి, నాయిన స్నానం చేసి, తడి పసుపు, కుంకుమ ఉన్న పళ్లెం పట్టుకుని ఒక్కొక్క సామానుకూ బొట్టు పెడతాడు. కాంటాకు, తూకం రాళ్లకు, గల్లా పెట్టెకు, ఇనుప బీరువాకు, గోనె సంచులు కుట్టే సూదికి కూడా. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, దాన్ని బంగారమని గల్లాలో రెండాకులు వేస్తాడు. నా బండికి హెడ్‌లైటు మీద పెద్ద బొట్టు పడుతుంది. నేను సందు మలుపు తిరగ్గానే రుమాలు తీసి తుడిచేస్తాను. పసుపు ఎండితే హెడ్‌లైటు వెలుగు మసకబారుతుందని నా బాధ. ఏటా ఇదే తంతు. పోయిన దసరాకు కూడా కొబ్బరికాయ కొట్టేదాకా ఉండి, బండి తీసుకుని నర్మెట్టలో దోస్తు ఇంటికి పోయాను, మర్నాడుగానీ రాలేదు. నేను పోయేటప్పటికి పళ్లెం ఇంకా నాయిన చేతిలోనే ఉంది.

ఆ తర్వాత మొదటి ప్రోగ్రాం మానుకోటలో, ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. మొదటి పాటలన్నీ బాగానే నడిచాయి. లంబాడి పాట మొదలుపెట్టాను. మెల్లగా వాయించే భాగం అయిపోయి, లేవాల్సిన చోట గిటార్ లేవలేదు. పూర్తిగా ఆగిపోలేదు, ఎవరో యాంప్ మీద బొంత కప్పినట్టు లోపలికి పోయింది. వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచాను. చివరిదాకా తిప్పినా అంతే. అక్క నా వైపు చూసింది. నేను యాంప్ వైపు చూశాను. ఆమె ఎట్లాగో శ్రుతి పట్టుకుని పాడేస్తుంటే, పాట సగంలో ఉన్నట్టుండి గిటార్ గొంతు మొత్తం ఒక్కసారే తిరిగొచ్చింది. అప్పటికి వాల్యూమ్ చివరిదాకా ఉంది. ముందు వరుసలో ఒక పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. పెళ్లికొడుకు చేతిలోంచి ఫొటో కోసం పట్టుకున్న పూలగుత్తి కిందపడింది.

"గిదేంది తమ్మీ" అంది అక్క, సామాను సర్దుకునేటప్పుడు. "నువ్వు వాయిస్తున్నవా, వాయించినట్టు చేస్తున్నవా?"

"జనరేటర్ కరెంటు అక్కా. వోల్టేజ్ పడిపోయింది" అన్నాను.

"మరి నా మైకు పడిపోలె గద."

వాల్వులకు కరెంటు సరిగ్గా లేకపోతే నీరసపడతాయని, మైకు సెట్టు సంగతి వేరని ఏదో చెప్పాను. సగం నిజమే. స్టేషన్ ఘన్‌పూర్ దాటి ఇల్లు చేరేదాకా అదే మాట నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికొచ్చాక స్టెబిలైజర్ పెట్టి, మీటరుతో వోల్టేజ్ చూసుకుంటూ వాయించాను. ముల్లు కదల్లేదు. గిటార్ మాత్రం కొంతసేపటికి మళ్లీ బొంత కిందికి పోయింది.

అప్పటి నుంచి నా బతుకు కుదురు తప్పింది. ఉన్న కుదురే తక్కువ. తప్పు ఎప్పుడూ ఉండేదైతే వెతకొచ్చు. ఇది వచ్చిపోయే తప్పు. నేను పట్టుకుందామని కూర్చుంటే రాదు, పట్టించుకోవడం మానేసి చాయ్ తాగుతూ ఊరికే ఒక తీగ మీటితే వస్తుంది. దుకాణంలో ఉన్నా ధ్యాస యాంప్ మీదనే. ఒకాయన పెసరపప్పు అడిగితే మినప్పప్పు తూచి ఇచ్చాను. ఆయన వాపస్ తెచ్చాడు. నాయిన తనే లేచి మార్చి ఇచ్చాడు, అది నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పెట్టె బయట ఉన్నవన్నీ కాదని తేల్చుకోవాలి, ఆ తర్వాతే లోపలికి పోవాలి. గిటార్ మార్చాను. వైరు మార్చాను. గోడ ప్లగ్గు మార్చాను. స్పీకర్‌కు పోయే వైరు పీకి మళ్లీ గట్టిగా పెట్టాను. ప్రతిసారీ కొంతసేపు బాగుండేది, దొరికిందని లేచి నిలబడేవాణ్ని, కూర్చునేలోపల మళ్లీ తగ్గేది. చివరికి వెనక చెక్క విప్పాను. వాల్వుల యాంప్ లోపల చేయి పెట్టడం అంటే మాటలు కాదు. ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు దాక్కుని ఉంటుంది, ముట్టుకుంటే మనిషిని విసిరికొడుతుంది. అందుకని వాల్వుల దాకానే పోయాను, వైర్లుండే ఆ కింది రేకు పెట్టె జోలికి పోలేదు.

చెక్క విప్పగానే ఏదో మాడిన వాసన వచ్చింది. మాడింది ట్రాన్స్‌ఫార్మర్ అయితే యాంప్ పోయినట్టే. ముక్కు పెట్టి మూలమూలా వాసన చూశాను, పిల్లిలాగా. అడుగున ఎండి నల్లబడ్డ రెండు ఆకులు కనపడ్డాయి, అంచులు కమిలి ఉన్నాయి. వాసన వాటిదే. ఏ ఫంక్షన్ హాల్ తోరణంలోంచి రాలాయో అనుకుని బయటికి ఊదేశాను. పెట్టె వెనకాల అక్కడక్కడా పసుపు దుమ్ము కూడా ఉంది. అది మా ఇంట్లో ఎక్కడ లేదు? బట్ట పెట్టి తుడవడానికి కూడా ఓపిక లేదు.

ఒక్కొక్క వాల్వునూ పెన్సిల్‌తో మెల్లగా తట్టి చూశాను. పాడైన వాల్వు తడితే కరకరమంటుంది. ఒకటి కొంచెం గొణిగింది. ఇదే దొంగ అనిపించింది. అనిపించిందంటే, అట్లా అయితే బాగుండునని ఆశపడ్డాను. ఆ సాయంత్రం లంబాడి పాట మొదలు భాగం వాయిస్తూ, ఎప్పుడు తగ్గుతుందా అని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. లేచే చోటికి వచ్చేసరికి తగ్గింది. చేయి ఆపేశాను.

మెట్ల కింద నుంచి నాయిన గొంతు. "ఏంరా, బంద్ అయింది?"

"ఆఁ, బంద్ అయింది. ఇక నీకు హాయి" అన్నాను కోపంగా. ఆయన ఇంకేదో అనబోయి, చెప్పులీడ్చుకుంటూ మడిగెలోకి పోయాడు. నా మనసు ఉడికిపోయింది. ఎప్పుడు ఆగుతుందా అని కింద కాచుకుని కూర్చున్నాడని అనుకున్నాను. మేడ మీదికి పోయి ఎండబెట్టిన చింతపండు చుట్టూ తిరిగాను. తిరిగి తిరిగి కాలికి చింతపిక్క గుచ్చుకుంటే దాని మీద కూడా కోపమే.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికుల కాలనీలో ప్రోగ్రాం కుదిరింది. ఆమెకు అది పెద్దది. బాయి కాలనీలో బాగా పాడితే ఏడాది పొడుగునా అటువైపు పిలుపులు వస్తాయి. ఆ సంగతి చెప్పి అసలు మాటకొచ్చింది.

"తమ్మీ, ఒక మాట చెప్త, మనసుల పెట్టుకోకు. కీబోర్డు వాయించెటాయన ఒకాయన అడుగుతుండు. గిటార్ సప్పుడు గూడ అండ్లనే వస్తదట. భూపాలపల్లిల గనక మానుకోటల అయినట్టే అయితె, ఇగ నేను ఆయననే పెట్టుకుంట. నీ మీద కోపం గాదు. స్టేజి మీద నా గొంతు ఒక్కతే నిలవడితె నాకు భయమైతది."

"కాదక్కా. దొరికింది. వాల్వు ఒకటి పోయింది, కొత్తది తెప్పిస్తున్న" అన్నాను.

"మంచిది. నువ్వే రావాలె అని నాకుంది" అంది.

ఫోన్ పెట్టేశాక గిటార్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే నా గిటార్ వస్తుందట. అదీ గాక నాయినకు ఇచ్చిన మాట. కాంటా ముందు కుర్చీ, పైన గిర్రున తిరిగే ఫ్యాను, "పావుకిలో జీలకర్ర ఇయ్యవా" అనే గొంతులు, నా కాలు ఊగుతూ, ఇట్లా ముసలివాణ్ని అయిపోవడం కళ్లకు కట్టింది. దుకాణం నాకు చేదు కాదు, ఆ తిండే తిని పెరిగాను. కానీ అదొక్కటే మిగలడం అంటే భయం వేసింది. నిజంగా భయమే, ఇంకో మాట లేదు దానికి.

హైదరాబాద్ నుంచి కొత్త వాల్వులు బస్సు పార్సిల్‌లో తెప్పించాను. బస్టాండులో అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాను. యాంప్‌ను బోర్లించి, పాతవి తీసి, కొత్తవి ఎక్కించాను. గొంతు ఖంగుమంది. ఆ రోజంతా వాయించాను, తగ్గలేదు. మర్నాడు కూడా తగ్గలేదు. గొణిగిన వాల్వును కిటికీలో పెట్టి దాన్ని చూసి నవ్వుకున్నాను. అమ్మ పిలవకుండానే కిందికి పోయి బస్తాలు దించాను. నాయిన నన్ను ఎగాదిగా చూశాడు.

భూపాలపల్లి ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం, అన్నం తిని వచ్చి, చివరిసారి చూద్దామని స్విచ్ వేశాను. మొదటి తీగ మీటగానే బొంత. ఆ పాత బొంతే.

నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఒళ్లంతా దురద పెట్టినట్టయింది. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగాను. కొత్త వాల్వులు వేసినా అదే అంటే వాల్వు దొంగ కాదు. మరి ఆ రెండు రోజులు ఎందుకు బాగుంది? వాల్వుల కోసం యాంప్‌ను బోర్లించాను. బోర్లించినప్పుడు లోపల ఏదో కదిలి కుదురుకుంది, మళ్లీ ఇప్పుడు జరిగింది. కదిలేది ఏముంటుంది?

పెట్టె వెనకాల కింది వరసలో రెండు కంతలు ఉంటాయి. గొంతును ఒక కంత నుంచి బయటికి తీసి, వేరే యంత్రంలోంచి తిప్పి, రెండో కంతలో లోపలికి పంపడానికి. నాకు అటువంటి యంత్రాలు లేవు, ఆ కంతలు నేను ఏనాడూ వాడలేదు. వాడనిది ఎట్లా చెడుతుంది అనుకుని వాటిని లెక్కలోకే తీసుకోలేదు. కానీ వాటిలో ఏమీ పెట్టనప్పుడు కూడా గొంతు పోయేది ఆ దారినే. రెండో కంత లోపల చిన్న రేకు నాలుక ఒకటి ఇంకో రేకును ఆనుకుని ఉంటుంది. ఆ రెండూ తగిలితేనే దారి. మధ్యలో మట్టి చేరినా చిలుము పట్టినా గొంతు సన్నబడుతుంది. ఈ సంగతి నేను చదివాను, విన్నాను, చూసిన ప్రతి వీడియోలో చెప్పారు కూడా. నా ఓపికలేనితనంతో ఆ ముక్క వచ్చినప్పుడల్లా వీడియోను ముందుకు జరిపి ఉంటాను.

పొట్టి వైరు ఒకటి తీసి, దాని ఒక కొనను మొదటి కంతలో, రెండో కొనను రెండో కంతలో పెట్టాను. గిటార్ మీటాను. గది కిటికీ అద్దం అదిరింది. వైరు పీకాను, బొంత కప్పింది. పెట్టాను, లేచింది. అట్లా పిచ్చివాడిలాగా పెట్టుకుంటూ పీకుకుంటూ కూర్చున్నాను. ఇన్నాళ్ల పరేషాన్ ఇంతేనా అని నవ్వొచ్చింది.

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పుల్లకు దూది చుట్టి, కాంటాక్టులు కడిగే మందులో ముంచి రెండో కంతలోకి దూర్చి తిప్పాను. బయటికి తీస్తే దూది పచ్చగా ఉంది. చిలుము అయితే నల్లగా రావాలి. ఇంకో పుల్ల దూర్చాను. ఈసారి ఎండిన పసుపు ముద్ద, అటుకంత, మధ్యలో ఎర్రటి చుక్కతో సహా వచ్చింది. అప్పుడు కంత అంచు చూశాను. గుండ్రంగా, వేలిముద్రతో సహా, పసుపు. పక్క కంతకూ అదే. అది దుమ్ము కాదు. దుమ్ము బొట్టు ఆకారంలో పడదు.

పుల్ల పట్టుకుని వంటింట్లోకి పోయాను. "అమ్మా, నా యాంపుకు బొట్టు పెట్టినవా? సందుల సందుల నింపినవ్ పసుపు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

అమ్మ పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే, "నాకేం ఎరుకరా. పనిజేసే సామాన్లకు బొట్టు నేను పెడ్తనా ఎప్పుడన్న? అది మీ నాయిన పని" అంది. గరిటె తిప్పుతూ, "దసరా నాడు పళ్లెం పట్టుకోని మీదికి పోయిండు. పొద్దుమీకి జమ్మి తెచ్చి మల్ల పోయిండు. నేను అడగలె" అంది.

జమ్మి అనగానే నేను ఊదేసిన ఆకులు గుర్తొచ్చాయి. గల్లాలో ఎప్పుడూ రెండాకులే వేస్తాడు. అవి తోరణంలోంచి రాలినవి కావు.

మెట్లు దిగాను. దుకాణంలో ఒక ఆమె ఎండుమిర్చి ఏరుకుంటోంది. నాయిన కాంటా పళ్లెం తుడుస్తున్నాడు. కాంటా నుదుటి మీద దసరా బొట్టు ఇంకా ఉంది, ఆయన దాన్ని తప్పించి తుడుస్తాడు. నాకు కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. రెండూ ఒకేసారి వచ్చినందుకు మళ్లీ కోపం వచ్చింది.

"నాయినా, మీద నా దానికి బొట్టు పెట్టినవా?"

"పెట్టిన" అన్నాడు.

"ఎందుకు?"

ఆయన నన్ను అమాయకుణ్ని చూసినట్టు చూశాడు. "కాంటకు పెట్టిన, గల్లకు పెట్టిన, సంచులు కుట్టే దబ్బనానికి పెట్టిన. ఇంట్ల పనిజేసే సామాను అన్నింటికి పెట్టాలె గద. గదొక్కటి ఇడిసిపెడ్తె ఎట్ల?"

పనిచేసే సామాను అన్నాడు. ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఏం అడగాలని వచ్చానో మర్చిపోయి, "మరి వెనకకు ఎందుకు పెట్టినవ్?" అన్నాను.

నాయిన బట్టను మడిచి బల్ల మీద పెట్టాడు. "ముందట పెడితె నువ్వు తుడుస్తవ్ గదరా" అన్నాడు, మిర్చి ధర చెప్పినంత మామూలుగా.

సందు మలుపు మా దుకాణంలోంచి కనపడదని ఇన్నేళ్లూ అనుకున్నాను. మిర్చి ఆమె తలెత్తి మమ్మల్నిద్దరినీ చూసింది. నేను ఉన్న సంగతి చెప్పాను. బొట్టు కంతలోకి పోయిందని, ఎండి రేకుల మధ్య ఇరుక్కుందని, మానుకోటలో గానీ ఇంట్లో గానీ ఇన్నాళ్లూ సప్పుడు తగ్గింది అందుకేనని.

ఆయన ముఖంలో రంగు మారింది. మా నాయిన భయపడటం నేను ఎక్కువ చూడలేదు. "ఖరాబైందా?" అన్నాడు, బల్ల వెనక నుంచి బయటికి వస్తూ. "నాకు ఎరుక లేదురా. గల్లకు, బీరువకు తాళంచెవి కంత మీదనే పెడ్త గద. గవి గూడ గసొంటి కంతలే అనుకున్న. నా చేతులార నేనే... మానుకోటల ఆగమైంది గిందుకేనా?"

"ఖరాబు కాలే నాయినా. దూదితోని తీసేసిన. అయిపోయింది" అన్నాను.

"రేపు భూపాలపల్లి గద."

"అవ్."

"మల్ల అట్లనె అయితె?"

"కాదు" అన్నాను. ఆయన నమ్మినట్టు లేడు. చేతులు పంచెకు తుడుచుకుంటూ నా వెనకాలే మెట్లెక్కి వచ్చాడు. మేము ఇద్దరం ఆ గదిలో ఒకేసారి ఉన్నది ఎప్పుడో గుర్తు లేదు. రెండో కంతను ఆయన చూస్తుండగానే ఇంకోసారి కడిగాను. అంచు మీది బొట్టును ముట్టుకోలేదు. ఆయన అది గమనించాడో లేదో తెలియదు. నేను గిటార్ అందుకునేలోపల కింద ఎవరో పిలిచారు, దిగిపోయాడు.

మర్నాడు వ్యాన్‌లో పరకాల మీదుగా పోయాం. దారంతా యాంప్ మీద చేయి వేసే కూర్చున్నాను. భూపాలపల్లిలో ఏది ముట్టుకున్నా వేళ్లకు నలుపు అంటుతుంది. కాలనీ దండేల మీద ఉతికిన బట్టల అంచులకు కూడా సన్నగా బొగ్గు. మా ఇంటి పసుపుకు, వాళ్ల నలుపుకు ఇంట్లోవాళ్ల కళ్లు ఒకేలా అలవాటుపడి ఉంటాయి. గ్రౌండ్‌లో స్టేజి వేశారు. షిఫ్ట్ దిగి తలంటుకుని వచ్చినవాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు, చాపలు పరుచుకుని కూర్చున్నారు. పొద్దు కుంకే వేళకు మొదలుపెట్టాం.

నా జేబులో పొట్టి వైరు ఉంది. అది అవసరం లేదని తెలుసు, అయినా ప్రతి పాట మధ్యలో జేబు తడుముకున్నాను. ప్రతి తీగ దగ్గర, ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అనుకున్నాను. నమ్మకం అంత తొందరగా వాపస్ రాదు. చివరికి అక్క నా వైపు తిరిగి తల ఊపింది. మెల్లగా మొదలుపెట్టాను, ఒక్కొక్క తీగ. లేవాల్సిన చోటు దగ్గరపడుతుంటే నా వీపు మీద చెమట కారింది. లేచింది. ఏ బొంతా లేకుండా, ఆ గరుకుతో, ఆ తీపితో, గ్రౌండ్ చివర నీళ్ల ట్యాంకు దాకా లేచింది. అక్క కళ్లు మూసుకుని అందులోకి వచ్చి కలిసింది.

దిగాక ఆమె పొగడలేదు. నీళ్ల సీసా నా చేతికిచ్చి, "బయ్యారంల పెండ్లి ఉన్నది తమ్మీ. నువ్వు, నీ డబ్బ, ఇద్దరు రావాలె" అంది. అంతే. ఆ కీబోర్డు ఆయన మాట మళ్లీ ఎత్తలేదు.

స్టేజి వెనకాల యాంప్ చల్లారే దాకా దాని మీద కూర్చున్నాను. వేడి మీద ఎత్తితే వాల్వులకు మంచిది కాదు. ఫోన్ మోగింది. ప్రోగ్రాంకు పోయినప్పుడు ఎప్పుడూ అమ్మే చేస్తుంది, తిన్నావా, బయల్దేరావా అని. ఈసారి నాయిన.

"సప్పుడు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాయినా."

"మొత్తం వచ్చిందా?"

"మొత్తం వచ్చింది."

ఫోన్‌లో దుకాణం షట్టర్ దించుతున్న చప్పుడు వినపడింది. పెట్టేస్తాడేమో అనుకున్నాను.

"గది... మొదలు మెల్లగ ఉంటది గదా, ఒక్కొక్కటి, ఒక్కొక్కటి. మల్ల ఒక దగ్గర లేస్తది. రోజు అది లేచేదాంక ఆగి అన్నానికి లేస్త నేను. దసరా పోయినంక అది లేస్తనే లేదు. గది వచ్చిందా?"

వచ్చింది నాయినా అన్నాను.